యోనా పీకిన ఫ్యూజు

క్రిస్టినా లాప్‌టాప్ శానా పాతది. చార్జింగ్ పిన్ను పెడితే నిలవదు. ఎడమచేత్తో పిన్నును పక్కకు నొక్కి పట్టుకోని, కుడిచేత్తో టైపు కొట్టాలె. ఆ పొద్దు మాత్రం ఎటు నొక్కినా లైటే వెలగలె, మిషినే లేవలె.

చర్చికి యాభై ఏండ్లు నిండుతున్నయని వేసే పుస్తకం, క్రిస్టినా టైపు కొట్టిన అరవై పేజీలు, దాంట్లనే ఉన్నయి. రెండు గంటల బస్సుకు కరీంనగర్ ప్రెస్సుకు పట్కపోవాలె. ఆలస్యమైతే పని ఇంకొకరికి ఇస్తమని పాస్టర్ గారు ముందుగాలనే చెప్పిండ్రు. పిల్లకు ఏడుపొక్కటే తక్కువ.

"ఇటు తే బిడ్డా, నేను చేస్త," అన్నడు తండ్రి యోనా.

"వద్దు బాపూ. నీకు కండ్లు సరిగ కనవడయి."

ఆ మాటే యోనాకు కాలేది. ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల ఎలక్ట్రీషియన్ చేసిండు, చెయ్యి మందం కేబుళ్లు అతికిండు. కండ్లకు అన్‌ఫిట్ అయ్యి దిగిపోయినకాడికెల్లి, ఇంట్ల బల్బు మార్చుటానికి సుత ఎవలు పిలుస్తలేరు. స్టూలు మీదికెల్లి పడ్తవంటరు. ఇంతకంటె అవమానం ఇంకేముంటది చెప్పుండ్రి!

"చూసుడు నువ్వు చూడు. చెయ్యి నాదున్నది గద," అన్నడు. రిపేరు షాపాయన రేపు రమ్మన్నడాయె, క్రిస్టినాకు వేరే దిక్కు లేదు. సరే అన్నది.

యోనా లుంగీ ఎగగట్టి సక్కగ అర్రబయటికి పోయిండు. మీటరు కాడి ఫ్యూజు పీకి అంగీ జేబుల ఏసుకున్నడు. బాయిల పద్ధతి అది. పని అయ్యేదాక ఫ్యూజు పనిచేసేటోని జేబులనే ఉండాలె, లేకుంటె ఎవడో తెల్వక స్విచ్చేస్తడు, మనిషి మసైపోతడు.

బ్యాటరీ తీసి, మరలు ఇప్పి చూస్తే, పిన్ను దూరే సాకెట్టు కాలు అతుకు పగిలి పాలపన్ను లెక్క ఊగుతాంది. "గింతేనా!" అన్నడు. అతుకు పెట్టే సోల్డరింగు కడ్డీ కాగాలని ప్లగ్గుల పెట్టి కూసున్నడు.

ఐదు నిమిషాలాయె. పదాయె. తడి వేలు తాకిచ్చి చూసిండు. కడ్డీ కుండల నీళ్లలెక్క సల్లగున్నది.

"నకిలీ మాలు! అమ్మినోడు దొరకాలె, వాని సంగతి చెప్త," అని తిట్టుడు మొదలువెట్టిండు. చెమటకు అంగీ తడిసి ఒంటికి అతుక్కున్నది.

పక్క క్వార్టరు లింగవ్వ తలుపుల తొంగిచూసింది. "ఏందన్నా, గింత ఎండల ఫ్యాను ఏసుకోలే? మా ఇంట్లయితే కరెంటున్నది మరి."

క్రిస్టినా ఫ్యాను దిక్కు చూసింది. బాపు జేబు దిక్కు చూసింది.

"బాపూ... కడ్డీ దేనితోని కాగాలె?"

యోనా జేబు తడుముకున్నడు. లింగవ్వ కడుపు పట్టుకోని గడప మీదనే కూలబడ్డది. క్రిస్టినాకు నవ్వాగలె. "సేఫ్టీ ఉండాలె, సేఫ్టీ," అని గొణుక్కుంట ఫ్యూజు పెట్టొచ్చి, తనే అందరికంటె గట్టిగ నవ్విండు.

కడ్డీ కాగింది. క్రిస్టినా టార్చి పట్టింది. "జర ఎడమకు... ఇంకింత... ఆ, పెట్టు బాపూ." యోనా పెట్టిండు. చెయ్యి ఇసుమంత వణకలె. క్రిస్టినా ఆ చేతినే చూసుకుంట టార్చి పక్కకు తిప్పింది, తిట్లు తిన్నది.

బిగిచ్చి పిన్ను పెట్టిండ్రు. లైటు వెలిగింది. లాగినా, ఊపినా పోలె. పేజీలు పెన్‌డ్రైవుల ఎక్కిచ్చుకోని ఇద్దరు బస్టాండుకు ఉరికిండ్రు.

బస్సెక్కినంక కిటికీలకెల్లి క్రిస్టినా వేలు చూపిచ్చి చెప్పింది: "నేనొచ్చేదాక ఇంట్ల ఇంకేది ఇప్పకు బాపూ."

యోనా మొకం చిన్నవోయింది. "సరే తియ్యి," అన్నడు.

"చర్చి మైకు డబ్బా ఒక్కటి ఇప్పు. నెలాయె గొంతు రాక. పొద్దూకంగ పాస్టర్ గారు పంపుతరు. మా బాపు చేస్తడని ఇప్పుడే ఫోన్ల చెప్పిన."

బస్సు కదిలింది. యోనా దాని ఎన్కనే ఉరుక్కుంట కేకేసిండు.

"ఎన్ని వాట్లది బిడ్డా? అడిగినవా, ఎన్ని వాట్లది?"