పదో పూస

నేను ఒక పూసల చట్రాన్ని. విరిగిన కిటికీ చెక్క, సైకిలు చువ్వలు, తిరునాళ్లలో కొన్న చెక్కపూసలు, ఇదీ నా పుట్టుక. ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నప్పుడు కస్తూరి వేళ్లు గీరుకుపోతున్నా నన్ను తయారుచేసింది. చువ్వకు పది పూసలు. బొబ్బిలి దగ్గర ప్రాథమిక బడిలో ఆవిడ ఒకటో తరగతి పిల్లలు నన్ను లాగి, పీకి, కొందరైతే నాకి మరీ లెక్కలు నేర్చుకున్నారు. పెద్దయ్యాక ఒక్కడూ నన్ను పలకరించలేదనుకోండి.

ఆవిడ మేనకోడలు హిమజ ఇంటర్ పాసై ఇంట్లో పేచీ మొదలుపెట్టింది. డీఎడ్ చేసి చిన్నపిల్లలకే పాఠాలు చెబుతానంటుంది. వాళ్ల నాన్న గవరయ్య ససేమిరా అన్నాడు.

"ముక్కులు తుడవడానికేటే నిన్ను చదివించింది? డిగ్రీ సేసి బీఎడ్ సెయ్యి. హైస్కూలు టీచరంటే ఆ మర్యాదే వేరు."

"ఒక్కపూట మా బడికొచ్చి, నా పిల్లలకి అది సెప్పే పాఠం సూడన్నయ్యా. తరవాత నీ ఇష్టం" అంది కస్తూరి.

నాన్న మెప్పు కోసం హిమజ ఒక తెలివితక్కువ పని చేసింది. పొద్దున్నే పిల్లలను కూర్చోబెట్టి, మొదటి ప్రశ్నకు జవాబు ఏడు అని బట్టీ పట్టించింది. గవరయ్య వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. కంగారులో హిమజ నాలుగు పూసల పక్కకు మూడు జరపబోయి నాలుగు జరిపింది. ప్రశ్న అడగకముందే "ఏడు!" అని గది దద్దరిల్లింది. గవరయ్య మీసాల్లో నవ్వుకున్నాడు. ఆమె ముఖం కందగడ్డ అయిపోయింది. నాకు భలే జాలేసింది.

పొద్దున ఆలస్యంగా వచ్చి బట్టీ తప్పించుకున్న పావని లేచి, ఒక్కో పూసనూ తాకి చూసింది.

"ఎనిమిదున్నాయక్కా."

హిమజ నేలమీద చతికిలబడింది. "అవునే! నేనే తప్పు జరిపాను. రండి, అందరం మళ్లీ లెక్కెడదాం."

పిల్లలు మీదపడ్డారు. ఒకడి ముక్కు కారుతుంటే చున్నీతో తుడిచేసి లెక్క సాగించింది. నాన్న వెనకే ఉన్నాడన్న సంగతి ఆమెకు గుర్తే లేదు.

గంట కొట్టాక గవరయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆ డీఎడ్ దరఖాస్తేదో పెట్టెయ్యే. నేనూ వస్తాను."

శిక్షణకు వెళ్తూ హిమజ నన్ను ఇమ్మంది. కస్తూరి ఇవ్వలేదు. "ఎవరి చట్రం వాళ్లే సేసుకోవాల" అంటూ పై చువ్వ వంచి, ఒక ఎర్రపూస తీసి ఆమె చేతిలో పెట్టింది. నాకు చురుక్కుమంది, గర్వంగానూ ఉంది.

కస్తూరి రిటైరయ్యాక నేనూ బీరువా ఎక్కాను. పై చువ్వకు తొమ్మిదే పూసలు. పదోది ఏ ఊరి బడిలోనో, ఏ పసివేలి కిందో కదులుతూ ఉంటుంది.