బయట ఉన్నానని చెప్పిన రోజులు

ఈసారి కూడా బయట ఉన్నానని చెప్పేస్తే సరి, అత్తయ్య ఏనాడూ తిరిగి అడగలేదు, అడగడానికి అదేమంత గౌరవమైన సంగతి గనక, అనుకుంటూనే ఇంకో లేత కొబ్బరాకు చీల్చి, మడిచి, వెదురుపుల్ల గుచ్చాను. గలుంగన్ దగ్గరపడింది. పితృదేవతలు ఇంటికి దిగివచ్చే పండగ. వాళ్ళు మా ఆయన పితృదేవతలు. మావాళ్ళ దగ్గర పెళ్ళినాడే సెలవు తీసుకున్నాను. పుట్టింటి గుడి ముందు కూచోబెట్టి, ఇకమీదట నేను మీదాన్ని కాదని చెప్పించారు. చెప్పాను. ఆ మాట వాళ్ళు విన్నారో లేదో నాకిప్పటికీ తెలియదు.

దేవుళ్ళకి పూలు పెట్టి ఇచ్చే ఈ ఆకుదొన్నెలు అల్లని రోజంటూ లేదు. గుమ్మానికి, పొయ్యికి, బావికి, మా ఆయన మోటారు సైకిలుకి కూడా. పండగొస్తే తట్టలకు తట్టలు. బజారులో దొరుకుతాయి కదా, కొందామా అని ఒకసారి అడిగాను. "జావావాళ్ళు అల్లినవి మన దేవుళ్ళకి పెడతావుటే?" అంది అత్తయ్య. ఆకులు వచ్చేదీ పక్క దీవి జావా నుంచే, లారీల్లో. ఆకు ఎక్కడిదైనా ఫరవాలేదు, చేతులు మాత్రం కోడలివి కావాలి. మా ఆయన వయాన్‌కి ఇది పనిలాగే కనిపించదు. "కూచునే కదా చేసేది" అంటాడు. పండగ ముందురోజు మగవాళ్ళు పంది మాంసం కొట్టి వండుతారు. ఆ ఒక్కపూట వంటని ఊరంతా ఏడాది పొడుగునా చెప్పుకుంటుంది.

నేను ఆసుపత్రి మందుల గదిలో పనిచేస్తాను. కునుకు పట్టినప్పుడల్లా పై అధికారి నవ్వుతూ అంటాడు, "మళ్ళీ పండగా, కెతుత్? మీ దేవుళ్ళకి సెలవులే ఉండవా?" నా పక్క బల్ల నూర్‌హయాతిది. జావా మనిషి. మొన్న మందులు సర్దుతూ గొంతు తగ్గించి చెప్పింది, "నాకు నెలనెలా రావడం ఆగిపోయిందే. ఎంత హాయిగా ఉందో తెలుసా! నమాజు మధ్యలో తెగడం లేదు. నెలంతా నాదే."

నెలంతా నాదే. ఆ మాట విన్నప్పటి నుంచి నూర్‌హయాతి మీద కోపంగా ఉంది. నాకూ ఆగిపోయి రెండేళ్ళు దాటింది. ఎవరికీ చెప్పలేదు. ముట్టు ఉన్నన్ని రోజులే ఆకు ముట్టక్కర్లేదు, గుడి గడప తొక్కక్కర్లేదు. నాకు దొరికిన సెలవు అదొక్కటే. అది ఒంట్లోంచి పోయినా నోట్లో నిలబెట్టుకున్నాను. అత్తయ్యని మోసం చేస్తున్నందుకు నాకేం బాధ లేదు. కానీ నాకు దేవుడున్నాడు. అగరుపొగలో కళ్ళు మూసుకుంటే నా లోపలి రొద ఆగిపోతుంది. ఇంకెక్కడా ఆగదు. విశ్రాంతి కోసం ఆ చోటుకే దూరమయ్యాను.

అయినా ఆ సాయంత్రం నడుం నిలబడక అనేశాను, "అత్తయ్యా, బయట ఉన్నాను."

"సరిగ్గా పండక్కే వస్తుందేమే నీకు? దానిక్కూడా పంచాంగం తెలుసల్లే ఉంది!" అంది, నా ముందున్న తట్ట లాక్కుంటూ.

పండగ పొద్దున వయాన్ తెల్లచొక్కా తొడుక్కుంటూ కాఫీ అడిగాడు. నేను కదల్లేదు. "నీ చేతులు పనికిరానిది దేవుడికి కదా, కాఫీకేమైంది?" అన్నాడు. హాస్యంగానే అన్నాడు. పెట్టిచ్చాను. వాళ్ళందరూ పెరటి గుడిలోకి వెళ్ళాక గిన్నెల ముందు కూచున్నాను. గంట మోగింది. తోముతున్న గిన్నె చేతిలోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళూ నేను తప్పించుకున్నది దేన్నుంచి? వీళ్ళ నుంచా, ఆ గంట నుంచా? రెంటికీ ఒకే ముడి వేసింది వీళ్ళయితే, విప్పకుండా ఊరుకున్నది నేను.

చేతులు కడుక్కుని, గుడికి కట్టుకునే పట్టీ నడుముకి చుట్టుకుని లోపలికి నడిచాను. ఆడవాళ్ళ వరస చివర అత్తయ్య నన్ను చూసి అదిరిపడింది.

"నీకేమైనా మతిపోయిందా? బయట ఉండి లోపలికొస్తావుటే!"

"బయట లేనత్తయ్యా. నాకది ఆగిపోయి రెండేళ్ళు దాటింది."

వరసంతా ఇటు తిరిగింది. మగవాళ్ళ వైపు నుంచి వయాన్ తలెత్తి చూశాడు. దేవుడి దగ్గర అబద్ధమా అంటుందనుకున్నాను, శాపం పెడుతుందనుకున్నాను. అత్తయ్య కాసేపు వేళ్ళు ముడుచుకుని ఏదో లెక్క వేసుకుంది.

"అయితే ఇక నెలంతా అల్లగలవన్నమాట" అంది.

"మొక్కుకుంటానత్తయ్యా. అల్లను."

అందరూ వింటుండగానే చెప్పి ఆమె పక్కనే మోకాళ్ళు మడిచి కూచున్నాను. పూజారి మంత్రం మొదలుపెట్టాడు. మా దగ్గర మొదటి నమస్కారానికి పువ్వుండదు, ఆకుండదు. ఖాళీ చేతులు జోడించి తల మీదికి ఎత్తాను.