ఎనిమిది ముఖాల కెమెరా

మంగళవారం పొద్దున్నుంచి మా ఆవిడ తాయారు ముఖానికి ఫోకస్ కుదరడం లేదు. మెడ దాకా స్పష్టంగా ఉంది, పైనంతా మసక. ఆ మసకతోనే కాఫీ తెచ్చిస్తుంది. ఆ మసకతోనే పంచదార సరిపోయిందా అని అడుగుతుంది. సరిపోయింది.

తప్పు నాదే, ఇంకొకరిని అని ఏం లాభం? పాలకొల్లులో ఇరవై రెండేళ్లుగా పెళ్లి ఫోటోలు తీస్తున్నాను. పెద్ద కెమెరా మోసి మోసి మెడ పట్టేస్తోందని, లోపల అద్దం లేని ఈ చిన్నది కొన్నాను. జేబులో పడుతుంది, నొక్కితే చప్పుడు చేయదు. ఒక ముఖాన్ని గుర్తుపెట్టుకోమంటే ఎంత గుంపులోనైనా వెతికి పట్టుకుని చుట్టూ పసుపు గడి గీస్తుంది. అయితే దానికి ఎనిమిది ముఖాలే గుర్తుంటాయి. తొమ్మిదోది కావాలంటే ఒకటి చెరపాలి.

సోమవారం పెళ్లికూతురు తొమ్మిదోది. ఎవరిని చెరపాలా అని క్షణం కూడా ఆలోచించలేదు నేను, దౌర్భాగ్యుణ్ణి. తాయారు ఇంట్లో మనిషేగా, ఎక్కడికి పోతుందిలే అనుకుని ఆమెనే చెరిపేశాను.

"మళ్లీ ఎక్కించండి మరి," అంటూ తాయారు కిటికీ ఎండలో స్టూలు వేసుకుని కూర్చుంటుంది. కెమెరా ఆమెను దాటిపోయి గోడ మీది స్విచ్‌బోర్డుకి గడి గీస్తుంది. తర్వాత కుక్కరుకి గీస్తుంది. ముఖం కనబడలేదని తెర మీద రాస్తుంది. నాకు ఒళ్లు మండిపోతుంది.

కెమెరాలు బాగుచేసే కోదండపాణి దాన్ని తిప్పి తిప్పి చూస్తాడు. పక్కనున్న తాయారును కూడా అలాగే చూస్తాడు.

"ఆయ్, దీనికేం రోగం లేదండి. ముఖం ఉంటేనే ఇది గుర్తుపెట్టుకుంటది. ఇది గుర్తుపెట్టుకుంటేనే ముఖం ఉంటది."

"మరి మా ఆవిడ?"

"ముందు చోటు ఖాళీ చెయ్యండి. మీ మనసులో ఆవిడ ముఖం ఎలాంటిదో చెప్పండి, చూద్దాం."

ముక్కు దగ్గర మొదలుపెడదామనుకుంటాను. ఇరవై ఏళ్ల కాపురం, ఆమె ముక్కు ఎలా ఉండేదో నాకు గుర్తు లేదు.

ఇంటికొచ్చి ఒక్కొక్కరినే చెరుపుతాను. తణుకు పెళ్లికూతురు పోతుంది. కల్యాణమండపం ఓనరు పోతాడు. ఫోను మోగుతుంది.

"బాబూ, మా అమ్మాయి ముఖం కడుక్కుంటంటే చేతికేం తగలట్లేదంటందండి," అంటాడు తణుకు నుంచి ఆ పెళ్లికూతురి తండ్రి.

"కాస్త ఓపిక పట్టండి," అంటాను. నా గొంతంటే నాకే అసహ్యం వేస్తుంది. అయినా మిగతా అందరినీ చెరిపేస్తాను. తాయారు మసక అలాగే ఉంది. బ్యాటరీ గుర్తు ఎర్రగా కొట్టుకుంటోంది.

ఎవరో తలుపు కొడతారు. తీస్తే, చెరిపిన ఎనిమిది ముఖాలూ గుమ్మంలో ఉన్నాయి, మెడల్లేకుండా, మనిషెత్తున.

"మాకు చోటు లేదంట కదండి," అంటుంది ఓనరు ముఖం.

"అయ్యో, లోపలికి రండి," అంటుంది తాయారు. ఎవరినైనా గుమ్మంలో నిలబెట్టడం ఆమెకు చేతకాదు.

తర్వాత నన్నొక మాటైనా అడక్కుండా, గాజులు తొడిగి చూసుకున్నట్టు ఆ ముఖాలు ఒక్కొక్కటే పెట్టుకుని చూస్తుంది. ఓనరుది వదులు. తణుకు అమ్మాయిది బిగుతు. సోమవారం పెళ్లికూతురిది అచ్చంగా సరిపోతుంది. వెంటనే కెమెరా తెర మీద ఆ ముఖం చుట్టూ పసుపు గడి వస్తుంది.

"వచ్చానాండీ?" అంటుంది తాయారు గొంతు.

"వచ్చావే," అంటాను.

ఆ ముఖానికి సోమవారం ఇంకా అయిపోలేదు. పెదవి వణికి, నాన్నా అంటూ అప్పగింతల ఏడుపు మొదలుపెడుతుంది. దగ్గరికెళ్లి పట్టుకోవాలి నేను. కాళ్లు మాత్రం రెండడుగులు వెనక్కి వేస్తాయి, ఫ్రేములో నిండుగా పడాలని.

"అమ్మా, ఒక్కసారి ఇటు చూడండి," అంటాను.

చూస్తుంది. నొక్కుతాను. గడిలో ప్రతి కన్నీటి బొట్టూ స్పష్టంగా ఉంది. వాటిని తుడుస్తున్న తాయారు చేతులు వేళ్ల నుంచి మోచేతుల దాకా మసకబారుతున్నాయి.