దానమ్మ ఎడమ చెంప

చీపురుపుల్లకి దూది చుట్టడం చూసేవాళ్లకి ఆటలా ఉంటుంది. గట్టిగా చుడితే రంగు పీల్చదు, వదులుగా చుడితే పోగు ఊడి ఫోటోకి అతుక్కుంటుంది. లక్ష్మీనరసమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, అది మరిగేలోగా పాతిక పుల్లలు చుట్టి పక్కన పెట్టుకుంటుంది. అన్నం వార్చి, పిల్లలిద్దర్నీ బడికి తోలి, అత్తగారు గురమ్మకి వేన్నీళ్లు తోడిన తర్వాతే వెనక వసారాలో పీట ముందు కూర్చోవడం. రంగుపని పొద్దుటి వెలుతురులోనే చెయ్యాలి. మిట్టమధ్యాహ్నం ఎండకి పసుపు ఎక్కువైనట్టు కనిపిస్తుంది, దీపం కింద ఎరుపేదో ఇటికరాయి రంగేదో తేలదు. ఇంటి చాకిరీకి కూడా ఆ పొద్దుటి పూటే కావాలి గనక, రోజూ ఒక రెండు గంటల కోసం ఆమె తన ఇంటితోనే దొంగాట ఆడుతుంటుంది.

చీపురుపల్లి స్టేషను రోడ్డులో జగన్నాధం స్టూడియో అంటే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. నలుపూ తెలుపూ ఫోటోకి రంగులద్ది మనిషిని ఎదురుగా నిలబెడతాడని పేరు. అద్దేది ఆయన కాదు. పెళ్లయిన రెండో ఏడు కలకత్తా నుంచి రంగుల పెట్టె తెప్పించి, రెండు ఫోటోలు పాడు చేసి, విసుగొచ్చి పెట్టెని భార్య లక్ష్మీనరసమ్మ ముందుకి తోశాడు. ఆమెది ముగ్గు పెట్టే చెయ్యి, నెల తిరక్కుండా పని పట్టుబడింది. అప్పట్నుంచి పదకొండేళ్లుగా స్టూడియోలోంచి బయటికెళ్లే ప్రతి రంగు ఫోటో ఆమె చేతిదే, పేరు మాత్రం ఆయనది. ఎవరైనా వసారాలోకి తొంగిచూస్తే "మా ఆడది పుల్లలు సుడతాదండి, అంతే" అని నవ్వుతాడు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు. గురమ్మ ఆ పాటి కూడా ఒప్పుకోదు. "కూకుని బొమ్మలకి రంగులేసుకోడం కూడా పనేనేటే? మా కాలంలో రోకళ్లు అరిగిపోయీలాగ దంచీవోళ్లం" అంటుంది. ఆమె గోళ్ల సందుల్లో దిగిపోయిన ఊదారంగు చూసి, "ఆ సేతుల్తో నాకు కూడెట్టకు, డోకొస్తాది" అని మొహం తిప్పుకుంటుంది. ఆ చేతుల మీదే ఐదు కంచాలు నిండుతున్నాయని ముసలావిడకి తెలియక కాదు.

ఆ పదకొండేళ్లలో ఎంతమంది ఆడపిల్లల్ని తెల్లగా చేసిందో! "మా పిల్ల సామనసాయ బాబూ, పటంలో ఓ పిసరు తెలుపు సేసెయ్యండి" అని పెళ్లికెదిగిన పిల్లల తండ్రులు బతిమాలేవారు. ఆమె చేసేది. బోసి చేతులకి గాజులు వేసింది, మెడలో లేని గొలుసులు దిగేసింది. తీరా పెళ్లయ్యాక, "ఫొటోలో పిల్లేది, ఇంటికొచ్చిన పిల్లేది" అని అత్తవారు ఆ పిల్లల్ని ఆడిపోసుకున్నారన్న మాట ఆమె చెవిన పడుతూనే ఉండేది. విన్న రోజున అన్నం సయించేది కాదు. మర్నాడు పొద్దున్నే మళ్లీ పుల్ల రంగులో ముంచేది.

అరవై తొమ్మిదో సంవత్సరం మాఘమాసంలో, ఇచ్చేసిన ఫోటో ఒకటి వెనక్కి వచ్చింది. తెచ్చినవాడు గణపతిరావు. రెండు కోసుల దూరంలో ఒక ఊరికి పెద్ద, స్టూడియో ఉన్న ఇల్లు కూడా ఆయనదే. ఆయన పెద్దకోడలు దానమ్మ రెండు నెలల కిందట పోయింది. మూడు రోజుల జ్వరమన్నారు. పోయిన దగ్గర్నుంచి ఇంట్లో అందరికీ కల్లోకి వస్తోందట, చూడి గొడ్లు ఈసుకుపోతున్నాయట, ఒక్క దూడా దక్కడం లేదట. పసుపుకుంకుమలతో పోయిన ఆడదాన్ని ఆ ఇంటి పేరంటాలుగా నిలబెట్టి, ఏటేటా చీరా గాజులూ పెట్టి కొలవడం ఈ ఊళ్లలో ఉన్నదే. దానమ్మని కూడా అలా నిలబెడుతున్నారు. ఆ పిల్ల ఉన్న ఫోటో ఒక్కటే ఉంది, అంతకుముందు వేసవిలో మరిది పెళ్లికి ఈ స్టూడియోలోనే అందరూ కలిసి తీయించుకున్నది. అందులోంచి ఆమె మొహం ఒక్కటీ పెద్దది చేయించి, రంగులద్దించి పటం కట్టించాలి. రంగులద్దడం అయింది, తీసుకెళ్లారు, నచ్చక తిరిగి తెచ్చారు.

"రంగు తేడా వొచ్చినాది జగన్నాధం. ఇదిగో, ఎడం సెంప మీద సూడు. మసి రాసినట్టున్నాది. పేరంటాలి మొకం ఇలాగుంటాదేటి?"

"అది నీడ బాబూ. లైటు అటేపునుంచి పడ్డాది కదండి."

"నీడైతే తీసెయ్యి. శుక్రారం పటం ఎత్తుతన్నాం, ఊరంతా వస్తాది. సెంప సాపు సెయ్యి, బొట్టు పెద్దది పెట్టు."

తలుపు వెనక నరసమ్మ అంతా వింటూనే ఉంది. జగన్నాధం లోపలికొచ్చి ఫోటో పీట మీద పడేశాడు.

"నీ కళ్లెక్కడెట్టుకున్నావే? నీడని నీడలాగే ఒగ్గీసినావు. ఆ బాబు గోడల మద్దెన బతుకుతన్నామని గేపకం ఉన్నాదా?"

"అది నీడ కాదు."

"నేను నీడన్నానంటే నీడే. రేపటికి సాపు సేసీ."

ఆయన భోజనానికి కూర్చున్నాడు. ఆమె వడ్డించింది. పప్పులో ఉప్పు చాలలేదన్నాడు, వేసింది. ఆ మచ్చ నీడ కాదని ఈ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. అంతకుముందు వేసవిలో పెళ్లివారు స్టూడియోకి వచ్చినప్పుడు ఆడవాళ్లందర్నీ తల దువ్వుకోడానికి వసారాలోకి పంపారు. అందరూ సింగారించుకుని వెళ్లిపోయాక ఆఖర్న వచ్చింది దానమ్మ. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. జుట్టు చెంప మీదికి లాక్కుని నిలబడింది. "అప్పా, ఇక్కడ రవ్వంత పౌడరు రాయవా? అగుపడితే మా మావ సంపేస్తాడు" అంది. నరసమ్మ జుట్టు పక్కకి తీసింది. చెంప ఎముక నుంచి చెవి దాకా మచ్చ. నడిమిన నేరేడుపండు రంగు. చుట్టూ పసుపు, ఆ పసుపులో ఆకుపచ్చ జీర. రంగులతో బతికే మనిషికి చూడగానే అర్థమైంది. పసుపు తిరిగింది వారం కిందటి దెబ్బ, నేరేడు రంగుది నిన్నో మొన్నో తగిలింది. మానకముందే అక్కడే మళ్లీ కొట్టారు.

అర్థమై ఏం చేసింది? పౌడరు రాసింది. ఒక పూత చాలక మూడు పూతలు. దానమ్మ అద్దంలో చూసుకుని, "నువ్వు సేత్తే ఎవులికీ తెలీదప్పా, నీ సెయ్యి మంచిది" అంది. పదకొండేళ్లలో తన చేతిని మెచ్చుకున్న మొదటి మనిషి. నరసమ్మ మురిసిపోయింది. ఎవరు కొట్టారని అడగలేదు, నొప్పిగా ఉందా అని కూడా అడగలేదు. మెప్పు కోసం మొహం వాచిపోయిన మనిషి కదా, ఆ ఒక్క మాట చెవిలో పెట్టుకుని నవ్వుతూ నిలబడింది. లైట్ల కింద అరగంట నిలబడేసరికి ఆ పిల్లకి చెమట పట్టి పౌడరు కారిపోయింది. అందరితో కలిసిన ఫోటోలో మొహం గోరంతే గనక తెలియలేదు. పెద్దది చేశాక తెలిసింది. మొదటిసారి రంగులద్దినప్పుడు నరసమ్మ చెయ్యి అక్కడికొచ్చి ఆగిపోయింది. కప్పలేదు, చూపించలేదు, నల్లగా ఉన్నదాన్ని నల్లగా వదిలేసింది. అంతకుమించి ధైర్యం లేదు ఆమెకి.

బుధవారం పొద్దున్న ఆ ధైర్యం కూడా లేకపోయింది. తెల్లరంగులో గులాబీ, రవ్వంత పసుపు కలిపి చెంప అంతా పూసి, దూదితో నిమిరింది. మచ్చ పోయింది. బొట్టు రూపాయి కాసంత పెట్టింది. ఇంత నునుపైన చెంప ఇంతకుముందెప్పుడూ ఆమెకి కుదరలేదు. జగన్నాధం చూసి, "ఇదీ పనంటే. ముందే ఏడిస్తే పోయీది కదా" అన్నాడు.

గురువారం ఆయన ఫోటో కాగితం తేవడానికి పాసింజరెక్కి విజయనగరం వెళ్లాడు. ఎండ వసారాలోకి ఇంకా రాలేదు. ఒక ముసలావిడ వీధి గుమ్మంలో నిలబడి పిలిచింది. కాళ్లనిండా దుమ్ము, చంకలో చిన్న మూట.

"బొమ్మల బాబు ఇల్లిదేనా అమ్మా? నాను దానమ్మ తల్లిని, అసిరమ్మని. బోగాపురం అవతల్నుంచి వస్తన్నాను. రేపటికి పిలిసినారు, నాను నిన్ననే బయల్దేరినాను. నా పిల్ల బొమ్మ ఇక్కడున్నాదంట. ఓపాలి సూపిస్తావా తల్లీ?"

నరసమ్మ ఆమెని వసారాలోకి తీసుకొచ్చి, రంగు తడి ఇంకా ఆరని ఫోటో చూపించింది. అసిరమ్మ ముట్టుకోలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, వంగి చూసింది.

"నాను ఒచ్చీసరికి కాల్సీసినారమ్మా. బూడిద సూపించినారు. మొకం సూడనేదు." కాసేపు అలాగే చూసింది. ఉన్నట్టుండి ఆమె మొహం వికసించింది. "నా తల్లి సల్లగున్నాది సూడు. నున్నగా, మారాణిలాగున్నాది. నాను పాపిస్టిదాన్ని తల్లీ. ఆళ్లు నా పిల్లని కొట్టి కొట్టి సంపీసినారని ఈ రెండ్నెల్లూ లోపల పురుగు తొలిసీసినట్టు తొలిసీసింది. నిదర నేదు. ఇంత బాగా సూసుకున్నారని నాకేటి తెలుసు? రేపు గణపతిరావు బాబు కాళ్ల మీద పడి తప్పెట్టుకుంతాను."

నరసమ్మ ఇన్నాళ్లూ తన రంగులు పెళ్లిచూపులకి అబద్ధం చెప్పాయనుకుంది. ఈ పూట తన రంగు ఒక తల్లి దగ్గరున్న ఒకే ఒక్క నిజాన్ని తుడిచేసింది. చంపినవాళ్ల కాళ్ల మీద ఆ తల్లిని పడేయబోతోంది. ఇంతకంటే నీచమైన పని ఆ రంగుల పెట్టె ఎన్నడూ చెయ్యలేదు. భర్త చెప్పాడని, ఇంటి యజమాని అడిగాడని అనుకోవచ్చు. పూసిన చెయ్యి మాత్రం తనదే.

"కూకో అమ్మా," అంది. టర్పెంటు సీసా మూత తీసి దూది తడిపింది. ఫోటోలో ఎడమ చెంప మీద పెట్టి తుడిచింది. గులాబీ రంగు దూదికి ఎక్కేసింది. కింద నల్లటి మచ్చ తేలింది.

"అదేటమ్మా? మసా?" అంది అసిరమ్మ.

"మీ వియ్యంకుడు నీడన్నాడు. మా ఆయనా నీడే అన్నాడు."

నరసమ్మ కొత్త పుల్ల తీసుకుంది. నీలంలో ఎరుపు కలిపి, నడిమిన నేరేడు రంగు అద్దింది. చుట్టూ పసుపు వేసింది. పసుపు అంచున పుల్ల మొనతో ఆకుపచ్చ జీర లాగింది. ఎలా చూసిందో అలాగే, చెంప ఎముక నుంచి చెవి దాకా. అసిరమ్మకి ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. పల్లె మనిషి, కమిలిన ఒళ్లు ఎలా ఉంటుందో తెలుసు. వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి, తన ఎడమ చెంప పట్టుకుంది.

"నీడకి రంగుండదమ్మా," అంది నరసమ్మ. "దీనికున్నాది. పెళ్లి ఫోటోకి ఒచ్చిననాడు నేను నా కళ్లారా సూసినాను. రెండు దెబ్బలు, ఒకదాని మీదొకటి. పౌడరు రాసి మూసింది కూడా నేనే. ఆ పొద్దు నోరిప్పి అడిగుంటే నీ పిల్ల బతికుండీదేమో. నన్ను తిట్టమ్మా."

అసిరమ్మ తిట్టలేదు. "ఎవులికి సెప్పుకోను తల్లీ? ఆళ్లు పెద్దోళ్లు. నా మాట ఎవులు వింతారు?" అంది.

"పోలీసు టేసనుకి పోదాం. నువ్వు సెప్పకు, నేను సెప్తాను."

గదిలోంచి గురమ్మ గోడ పట్టుకుని లేచొచ్చింది. ఫోటో చూసి గుండెలు బాదుకుంది. "ఒసే, సచ్చినదాని కోసం నీ కాపరం తగలెట్టుకుంతావేటే? పొద్దుగూకీసరికి మనల్ని ఈదిలో పడీస్తాడు ఆ బాబు. నీ మొగుడు నిన్ను గుమ్మం తొక్కనిస్తాడనుకుంతన్నావా?"

తొక్కనివ్వడని నరసమ్మకి తెలుసు. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఈ ఇంట్లో తను ఉంటుందో లేదో కూడా తెలియదు. భయం వేసింది. చాలా భయం వేసింది. అయినా తడి రంగు చెదరకుండా ఫోటోని రెండు అంచులూ పట్టి లేచింది, అసిరమ్మని ముందు నడవమంది.

"పోనీ, ఆడు ఒచ్చిందాకా ఆగు," అని గురమ్మ గొంతు తగ్గించి బతిమాలింది. "ఆ బొమ్మ ఆడి పేరు మీదున్నాది కదే. రంగులెవులు ఏసినారని అడిగితే ఆడి కొంప మునిగిపోద్ది."

నరసమ్మ గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"ఆయనకేటీ అవదత్తా," అంది. "రంగులేసింది నేనని సెప్తాను."