కుంకుడు నురుగు

అబ్రాహాము నానబెట్టిన కుంకుడుకాయలను స్టీలు గ్లాసులో పిసికి, గడ్డం గీసుకునే బ్రష్షుతో నురుగు తేలేదాకా గిలక్కొడుతున్నాడు. తలంటుకోవడానికి కాదు, ఆ తల మీద అంటుకునేంత జుట్టు ఎప్పుడో రాలిపోయింది. ఏసీ గొట్టాల్లో గ్యాసు ఎక్కడ కారుతుందో పట్టుకోవడానికి. సబ్బునీళ్ల బుడగ చూస్తుండగానే పగిలిపోతుందని ఆయన ఫిర్యాదు. కుంకుడు నురుగైతే గొట్టానికి అతుక్కుని ఓపిగ్గా కూర్చుంటుంది. లోపలి నుంచి గ్యాసు ఎంత సన్నగా తన్నినా ఉబ్బి చూపిస్తుంది.

మనిషి పొట్టి. ఎడమచేతి బొటనవేలికి సగం గోరే ఉంటుంది. ముంజేతుల నిండా నిప్పురవ్వలు పడిన పాత మచ్చలు. ఫ్రిజ్‌లతో మొదలుపెట్టి ముప్పై ఏళ్లుగా ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లను చల్లబరుస్తూ వచ్చాడు. ఈ మధ్య మాటిమాటికీ రొమ్ము రుద్దుకుంటున్నాడు. కామారెడ్డి డాక్టరు, గుండె బాగాలేదు, ఇక నిచ్చెన ఎక్కొద్దని చెప్పాడు. కొడుకు సుందర్ అంతకంటే గట్టిగా చెప్పాడు. దుకాణం ఇప్పుడు వాడి చేతిలో ఉంది. ‘అరగంటలో చల్లదనం’ అని బోర్డు కూడా పెట్టించాడు. పనివాళ్లు పోతారు, గ్యాసు నింపుతారు, వచ్చేస్తారు. ఆ బోర్డు చూస్తేనే అబ్రాహాముకు ఒళ్లు మండుతుంది.

ఆయన పనిముట్ల సంచి అందుకోబోతే భార్య హన్మవ్వ అడ్డం నిలబడింది.

“డాక్టరు జెప్పింది మర్శినవా? ఏడికి?”

“లింగంపేటకు. భూదవ్వక్క ఇంట్ల మనోళ్లు ఈ ఎండకాలంల మూడుసార్లు గ్యాసు నింపిండ్రు. మూడుసార్లూ పోయింది. చిల్లు ఏడుందో ఒక్కడన్న సూడలే.”

“సుందరుకు జెప్పి పో.”

“నేను నేర్పిన పనికి వాన్ని అడిగి పోవాల్నా?”

హన్మవ్వ సంచి వదిలింది. మందుబిళ్ల మాత్రం ఆయన నోట్లో తనే వేసింది.

భూదవ్వ నలభై ఏళ్లుగా బీడీలు చుడుతున్న మనిషి. కామారెడ్డిలో నర్సుగా పనిచేసే కూతురు వనజ తన జీతంతో ఏసీ పెట్టించింది. ఆ గదిలో కూర్చుని భూదవ్వ బీడీలు చుడుతుంటే వాడకట్టంతా నవ్వింది. “సల్లగ కూసోని సుడితే అది బీడీ గాదా?” అని ఆమె అందరి నోళ్లూ మూయించింది. ఇప్పుడది మూడుసార్లు చెడిపోయేసరికి నవ్వినవాళ్లకు మళ్లీ నోళ్లొచ్చాయి.

“ఈసారి గిట బాగు గాకపోతే పీకి పాత సామాన్లోనికి ఇస్త తమ్మీ,” అంది ఆమె, ఒళ్లో చాట సర్దుకుంటూ. “ఊరి ముంగట నవ్వులపాలు గాలేను.”

“గ్యాసు గాదక్కా, ముందు చిల్లు సూడాలె. జెర నిచ్చెన ఇయ్యి.”

నాలుగు మెట్లెక్కేసరికి ఊపిరి బరువైంది. అబ్రాహాము ఆగి, గోడకు నుదురానించి, మళ్లీ ఎక్కాడు. సజ్జ మీద బయటి మిషను ఉంది. అతుకులన్నిటికీ నురుగు పూశాడు. ఎక్కడా ఉబ్బలేదు. ఇంతలో జేబులో ఫోను మోగింది. సుందర్.

“బాపూ, అవ్వ జెప్పింది. దిగు ముందు. మనోన్ని పంపుత, గ్యాసు నింపుతడు.”

“చిల్లు దొరకంది చుక్క గూడ నింపనియ్య.”

“మల్ల పోతే మల్ల నింపుదం, ఏమైతది?”

“గ్యాసు పోతే నింపుతవురా. పేరు పోతే ఏంది నింపుతవు?”

ఫోను పెట్టేసి జేబులో పడేశాడు. అప్పుడు ఆయన కన్ను గోడ మలుపు దగ్గర ఆగింది. నీళ్లు పోయే ప్లాస్టిక్ గొట్టాన్ని ఎవరో రాగి గొట్టానికి ఇనుప తీగతో బిగించి కట్టారు. కింద సరిగ్గా దాని సూటికి ఒక బకెట్టు, అందులో నానుతున్న బీడీల తునికాకు.

“అక్కా, ఈ తీగ ఎవలు గట్టిండ్రు?”

“నేనే. ఏసీ నీళ్లు వట్టిగనే పోతున్నయని ఆకు నానబెడుతున్న. గాలికి గొట్టం పక్కకు పోతుంటే గట్టిన.”

“నిచ్చెనెక్కి?”

“ఎక్కిన. నువ్వెక్కుతలేవా?”

అబ్రాహాము పగలబడి నవ్వాడు. నవ్వు మధ్యలో నొప్పి వచ్చి ఆగిపోయింది. తీగ విప్పి నురుగు రాశాడు. క్షణం తర్వాత ఆవగింజంత బుడగ లేచింది, పెరిగింది, పగిలింది, మళ్లీ లేచింది. మిషను అదిరినప్పుడల్లా తీగ రాగిని ఒరుసుకుంటూ తినేసింది. ముగ్గురొచ్చి పోయినా ఒక్కడూ తీగ కింద చూడలేదు. ఆయనకు కోపమూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి.

మిగిలిన గ్యాసు తీసేసి, మంటపెట్టి కడ్డీ కరిగించి చిల్లు పూడ్చాడు. కొత్త గ్యాసు నింపి మిషను నడిపించాడు. లోపలి నుంచి భూదవ్వ “వచ్చింది తమ్మీ, సల్లగాలి!” అని కేకేసింది. అతుకు మీద మళ్లీ నురుగు పూశాడు. అరగంట కాదు, గంట ఆగి చూడడం ఆయన పద్ధతి. మళ్లీ ఎక్కాలి కదా అని గ్లాసు సజ్జ మీదే ఉంచి, దిగి, గోడ నీడలో కూర్చున్నాడు. దిగేముందే ప్లాస్టిక్ గొట్టాన్ని గుడ్డపీలికతో విడిగా మేకుకు కట్టాడు, ఆమె ఆకుకు నీళ్లు ఆగిపోకుండా.

భూదవ్వ చాయ్ తెచ్చేసరికి ఆయన తల గోడకు ఆనించి పైకి, ఆ అతుకు వైపే చూస్తున్నాడు. రెండుసార్లు పిలిచింది. భుజం ముట్టుకుంది. చాయ్ గ్లాసు మెల్లగా కింద పెట్టి, ఆయన కళ్లు మూసింది.

వాడకట్టు పోగైంది. ఆయన కొడుక్కి ఫోను పోయింది. ఆయన్ని లోపలికి మోయమని భూదవ్వ అంటే పక్కింటి సాయన్న వెనక్కి తగ్గాడు. “వేరేటోళ్ల పీనుగను ఇంట్ల ఎట్ల పండవెడ్తవు? లోకం ఏమంటది?”

“నా ఇల్లు సల్లజేసినోడు ఎండల పండాల్నా?” భూదవ్వ గొంతు వీధి చివరిదాకా పోయింది. “నా మంచం మీదనే పంటడు. ఎవలేమంటరో నా ముంగటికొచ్చి అనుండ్రి.”

సాయన్నే ముందుగా కాళ్ల వైపు పట్టాడు.

సుందర్ వచ్చేసరికి గది చల్లగా ఉంది. తండ్రి నుదుటి మీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. ఏడుపు ఆగాక ఇంటి వెనక్కి వెళ్లాడు. నిచ్చెన ఇంకా ఎవరూ తీయలేదు. ఎక్కాడు. కొత్త అతుకు మీద నురుగు ఆరిపోయి ఉంది. బ్రష్షు ముంచి మళ్లీ పూశాడు. కింద ఎవరో పిలుస్తున్నా దిగలేదు. గంటసేపు చూశాడు. ఒక్క బుడగ కూడా లేవలేదు.

సజ్జ అంచున స్టీలు గ్లాసు, దాని మీద అడ్డంగా వెంట్రుకలు సగం రాలిన గడ్డం బ్రష్షు, ఇంకా తడిగానే ఉంది.