రాగిరేకు వెనకాల

నేను రాగిరేకుల మీద బొమ్మలు చెక్కుతూ కూర్చుంటే మా ఆవిడ ఇంట్లోంచి చెక్కేసింది. తప్పు ఆవిడది కాదు. మంచం నిండా పాత అచ్చుబొమ్మలు ఆరబెడితే మనిషి ఎక్కడ పడుకుంటుంది? "ఆ కాగితాలనే కట్టుకో" అని వెళ్లిపోయింది. అప్పటికే కట్టుకుని ఉన్నాను, కట్టలు కట్టలుగా.

మా ప్వేబ్లా ఊళ్లో పాతసామాన్లు అమ్మే వీధిని కప్పల సందు అంటారు. ఆదివారం వస్తే నేనక్కడే. ట్రంకుపెట్టెల మూతల్లో అంటించిన పునీతులు, ఎలుకలు కొరికిన ఊరేగింపులు, నూనె మరకలు పడ్డ రాజులు, ఎవరు దొరికినా ఇంటికి తెస్తాను. నీళ్లపళ్లెంలో పడుకోబెట్టి పాత జిగురు వదిలిస్తాను. గోధుమపిండి గంజితో చిరుగులు అతికి, బట్టల క్లిప్పులతో తాడుకి వేలాడదీస్తాను. వానాకాలంలో మా ఇంట తేమ ఎక్కువ, ప్రేమ తక్కువ. గోడలకి బూజు, నాకు మోజు. ఒకసారి కాగితప్పురుగులు ఒక బిషప్పుగారి గడ్డం సాంతం తినేశాయి. గడ్డం మళ్లీ గీయడం నాకెంతసేపు? గీయలేదు. పాతవాళ్లు చెక్కినదానికి నా గీత ఒక్కటి కూడా కలపకూడదని నా పట్టుదల. పొద్దున్నే ఆ బోడిగడ్డం బిషప్పుకే గుడ్ మార్నింగ్ చెబుతాను. ఆయన తిరిగి ఏమీ అనడు. ఇంట్లో అనేవాళ్లు ఇంకెవరూ లేరు.

వీళ్లందరిలోకీ నన్ను పట్టి పీడించినవాడు ఒకడున్నాడు. వెడల్పు టోపీ పెట్టుకుని, చెయ్యి ముందుకి చాచి నిలబడి ఉంటాడు. సరిగ్గా వేళ్ల కొసల దగ్గర కాగితం చిరిగిపోయింది. నా దగ్గరున్నది సగమే. చెయ్యి ఎవరికి చాచాడో తెలియదు. పెళ్లానికా, బిడ్డకా, చిన్ననాటి నేస్తానికా? ఆ బొమ్మకి ఇంకో ప్రతి ఎక్కడా లేదు. ఆ రెండో సగం కోసం వెతుకుతూనే నా జుట్టు సగమైంది. కప్పల సందులో ఫిలెమోన్ అనే వ్యాపారి నన్ను చూడగానే, "ఏం మేస్త్రీ, మీవాడి చెయ్యి ఇంకా ఖాళీయేనా?" అని అరుస్తాడు. సందంతా నవ్వుతుంది. అందరికంటే గట్టిగా నేనే నవ్వుతాను. ఇంటికొచ్చి ఆ చెయ్యి చూస్తే మాత్రం నవ్వు రాదు. ఎదుట ఎవరో ఉన్నారనడంలో నాకు అనుమానం లేదు. ఎవరూ లేకుండా ఎవడైనా అలా చెయ్యి చాస్తాడా?

ఈస్టర్ ముందు ఉపవాసాల రోజుల్లో ఒక మధ్యాహ్నం, మా వీధి చివర చిలగడదుంప మిఠాయి అమ్మే దోన్యా ప్రిమితీవా చంకలో ఒక పటం పెట్టుకుని వచ్చింది. నాకు చీమిడి ముక్కు కారే రోజుల నుంచీ నన్నెరిగిన మనిషి. పెద్దావిడని అందరం గౌరవంగా దోన్యా అంటాం.

"ఒరే ఎవారిస్తో, మా అమ్మమ్మకి ముక్కూడిందిరా."

"ఈ వయసులో ఆవిడకి ముక్కుతో పనేముంది దోన్యా?"

"నోరు పెట్టకు. ముక్కు పెట్టు."

అది మొక్కుపటం. మశూచికంతో మంచాన పడ్డ అమ్మమ్మ, పక్కన మోకాళ్ల మీద తాతయ్య, పైన మబ్బులో మరియమాత, అడుగున వంకరటింకర అక్షరాల్లో కృతజ్ఞతలు. అంతా రాగిరేకు మీద రంగులతో వేశారు. అమ్మమ్మ ముక్కు దగ్గర రంగు రాలిపోయింది. రాగి మీద రోగి అన్నమాట. ఒకప్పుడు కొండ మీది చర్చిలో ఉండేది. గోడలకి సున్నం వేసేటప్పుడు దించితే ఇంటికి తెచ్చుకున్నారు, మళ్లీ తీసుకెళ్లలేదు.

"నేను పోయేలోగా దీన్ని దాని చోటికి చేర్చాలిరా. శుక్రవారం వెళ్తున్నా. ఇప్పుడు దొంగల భయం కదా, మేకులు కొట్టి చుట్టూ సున్నం మెత్తేస్తారట. ఇక దిగదు."

ఆవిడ వెళ్లాక చట్రం ఊడదీశాను. రేకు వెనక చెమ్మ తగలకుండా ఎవరో నల్లగా తారు పూశారు. ఒక మూల తారు పెచ్చు లేచిపోయింది. అక్కడ వేలు ఆనించగానే గరుగ్గా తగిలింది. ఉలి దిగిన గాడులు నా వేలికి తెలియవా? టర్పెంటైన్‌లో దూది ముంచి మెల్లగా తుడిచాను. టోపీ అంచు కనిపించింది. తర్వాత భుజం, తర్వాత చెయ్యి. రేకు మీద అచ్చుకి అద్దంలో బింబంలా తిరగబడి ఉంటుంది కాబట్టి అటు తిరిగి నిలబడ్డాడు. కానీ వాడే! రేకు అంచులు నాలుగువైపులా ఆకురాయితో నున్నగా అరగదీసి ఉన్నాయి, అంటే ఎవరూ కోసింది కాదు. మిగతా సగం ఆ తారు కిందే ఉంది.

"దొరికాడు!" అని కేక పెట్టాను. బిషప్పు గడ్డం కూడా కదలలేదు, అసలు ఉంటేగా కదలడానికి. చెప్పుకునే మనిషి కావాలి. రేకు గుడ్డలో చుట్టుకుని వీధి చివరికి పరుగెత్తాను.

దోన్యా ప్రిమితీవా పాకం కలుపుతోంది. అంతా విని, "అయితే ఇప్పుడేమంటావు?" అంది.

"తారంతా తీసేసి సిరా పట్టించి, యంత్రంలో పెట్టి ఒక్కటంటే ఒక్క అచ్చు తీసుకుంటాను."

"యంత్రంలో అంటే?"

"రెండు రోలర్ల మధ్య. రంగులు చిట్లుతాయనుకో. మీ అమ్మమ్మని మళ్లీ నేనే వేసిస్తా, ముక్కుతో సహా."

"మంచాన పడ్డ మనిషి మీద రోలరెక్కిస్తావట్రా? మశూచికమే చంపలేకపోయిందే, నువ్వు చంపుతావా?"

"బొమ్మే కదా దోన్యా."

"మరి నీ టోపీవాడో?"

రేకు మీదికి గుడ్డ మళ్లీ లాగాను.

ఆవిడ గరిటె దించింది. "చూసుకోవడానికి నేనడ్డు కాదు. నా కళ్లెదుట తుడువు. యంత్రం మాట మాత్రం ఎత్తకు."

వంటింటి బల్ల మీద దుప్పటి మడిచి వేసి, అమ్మమ్మని బోర్లా పడుకోబెట్టాం. వాడి వేళ్ల కొసల దగ్గర మొదలుపెట్టి తుడుచుకుంటూ పోయాను. రాగి బయటపడింది. ఇంకా తుడిచాను. రాగే. గీత లేదు, గాడి లేదు. అంచు దాకా వచ్చేశాను. కంసాలి సానపట్టిన రోజు ఎలా ఉందో అలా నున్నగా మెరుస్తోంది.

దోన్యా ప్రిమితీవా వంగి ఆ మెరుపులో తన మొహం చూసుకుంది. "ఎవర్నో ముసల్దాన్ని చెక్కాడ్రా. అచ్చం నా పోలికే!" అని పకపకా నవ్వి, నా మొహం చూసి ఆపేసింది.

నాకప్పుడు అర్థమైంది. చెక్కినవాళ్లు పని మధ్యలో ఎలా వస్తోందో చూసుకోవడానికి ఒక అచ్చు తీశారు. అందులో సగం తెల్లకాగితం. ఉత్త కాగితమే కదా అని ఎవరో దాన్ని చింపి ఏ పొట్లానికో వాడుకున్నారు. తర్వాత పని ఆగిపోయింది. చచ్చిపోయారో, విసుగెత్తిందో. రేకు మొక్కుపటాలు వేసేవాడి చేతిలో పడింది. నేనిన్నేళ్లూ వెతికిన సగం అసలు పుట్టనేలేదు.

"పోనీ నువ్వే చెక్కెయ్యరా" అంది ఆవిడ మెత్తగా. "ఎవర్నో ఒకర్ని నిలబెట్టు. ఎంతకాలమని చాస్తాడు పాపం? గోడవైపేగా, దేవుడికి తప్ప ఎవరికి కనబడుతుంది?"

ఉలి జేబులోనే ఉంది. తీశాను. శాలువా కప్పుకున్న ఒకావిడ ఎక్కడ నిలబడాలో, తల ఎంత వంచాలో, అన్నీ నాకు కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. మొన రాగికి ఆనించాను. నేను చెక్కితే అక్కడికొచ్చేది వాడి మనిషి కాదు, నా మనిషి. నా మనిషిని తెచ్చి వాడికెలా అంటగట్టను?

"వద్దు దోన్యా. ఎలా దొరికిందో అలాగే దాచాలి."

"ఊరికే పోలేదురా నీ పెళ్లాం" అంది. అని, ఒక మిఠాయి తీసి నా చేతిలో పెట్టింది.

ముక్కు పెట్టాను. గోడ చెమ్మ తగలకుండా వెనకవైపు మైనం పట్టించాను, టోపీవాడి మీదా, వాడి ఎదుటి ఖాళీ మీదా. శుక్రవారం మేమిద్దరం ఎక్కిన బస్సులో ఆవిడ పటాన్ని ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. చర్చిలో పనులు చూసే నబోర్ సున్నం కలిపి సిద్ధంగా ఉన్నాడు. పటాన్ని నేను ఒక చేత్తో కింద పట్టుకుని, రెండో చెయ్యి దాని వెనక్కి పోనిచ్చి గోడకి ఆనించాను. అరచేతికి ఒకవైపు గాడులు తగిలాయి, ఒకవైపు నునుపు.

"మేస్త్రీ, వెనక చెయ్యి తియ్యండి. గోడకి ఆనాలి."

"ఒక్క నిమిషం నబోర్."

"తియ్యరా నాయనా" అంది దోన్యా ప్రిమితీవా. "సున్నం గట్టిపడిపోతోంది."

రాగి నా చేతి కింద అప్పుడప్పుడే వెచ్చబడుతోంది. తీశాను.