ఫాదరమ్మ

బలిపీఠం గుడ్డకు అంటుకున్న మైనం మీద పాత కాగితం పరిచి, దాని మీంచి ఇస్త్రీపెట్టె నడిపింది. మైనం కరిగి కాగితంలోకి ఇంకింది. ఈ గుడిని ఊడ్చి, గంట కొట్టి, పూజవస్త్రాలు ఉతికి, పిల్లలకు జపాలు నేర్పి ఆమెకు వయసు మళ్ళింది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. వేడికి వేళ్ళ కొసలు మొద్దుబారాయి. చుట్టుపక్కల గుళ్ళన్నిటికీ కలిపి ఒక్కరే ఫాదర్. ఆయన రాని ఆదివారాల్లో వాక్యం చదివేదీ, పోయినవాళ్ళ వెంట సమాధుల దాకా ప్రార్థన చెబుతూ నడిచేదీ ఈమే. అందుకే అందరూ ఫాదరమ్మ అంటారు. వెక్కిరింతగా మొదలైన పేరే, రానురాను అదే ఖాయమైంది.

ఒకసారి గుడి సభలో లేచి, ఆడవాళ్ళకు ఫాదర్లయ్యే గురుపట్టం ఎందుకివ్వరని అడిగింది. ప్రభువు ఎంచుకున్న పన్నెండుమందీ మగవాళ్ళేనమ్మా అన్నారు పెద్దలు. వెనక వరసలోంచి ఆమె వదిన అందుకుంది. "ఆయన్ని పట్టించిందీ ఆ పన్నెండుమందిలో ఒకడేగా!" అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వుల్లో ప్రశ్న కొట్టుకుపోయింది.

ఆ వదినే ఇప్పుడు గుడి వెనక గదిలో ఆయాసపడుతోంది. అన్న పోయినప్పటి నుంచీ ఇద్దరూ అక్కడే ఉంటున్నారు. డాక్టరు పెదవి విరిచి ఇంటికి పంపేశాడు. పొద్దుటినుంచీ వదినకు ఒకటే ధ్యాస. ప్రాణం పోయేలోగా ఫాదర్ దగ్గర పాపం ఒప్పుకోవాలి. క్షమించానన్న మాట చెవులారా వినాలి.

ఫాదరమ్మ ఇస్త్రీ ఆపి మళ్ళీ ఫోను చేసింది.

"ఇక్కడ సమాధి కార్యక్రమం ఇంకా అవలేదమ్మా. నేనొచ్చేసరికి సాయంత్రమవుతుంది," అన్నారు ఫాదర్. అలసిపోయిన గొంతు. పాపం, ఆయన మాత్రం ఎన్నిచోట్లకని పరిగెత్తుతారు!

గదిలోకి వెళ్ళేసరికి వదిన కళ్ళు తెరిచింది.

"ఫాదర్ గారొచ్చారా?"

"దారిలో ఉన్నారు వదినా."

"నీకు అబద్ధమాడ్డం ఎప్పుడు చేతనయింది గనక! కూర్చో. నువ్వే విను."

"నేను వింటే చెల్లదు వదినా."

"ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. అర్ధమొగుడివయ్యావు గానీ, అర్ధ ఫాదరువైనా కాలేకపోయావా?"

నవ్వబోయి దగ్గింది. ఫాదరమ్మ వీపు నిమిరింది. దగ్గు తగ్గాక వదిన గోడవైపు తిరిగి చెప్పింది.

"మీ అమ్మ పోయిన రాత్రి దాహం, దాహం అని పిలిచింది. నేను మేలుకునే ఉన్నా. రోజూ లేచీ లేచీ విసుగెత్తి, ముసుగేసుకుని పడుకున్నా. తెల్లారి చూస్తే ఇంకేముంది."

వీపు మీది చెయ్యి ఆగిపోయింది. అమ్మ నిద్రలోనే హాయిగా పోయిందని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకుంది ఫాదరమ్మ. కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. చాలాసేపటికి గానీ చెయ్యి మళ్ళీ కదల్లేదు.

"నేను క్షమించాను వదినా."

"నువ్వు క్షమిస్తావని తెలుసే. నాక్కావలసింది దేవుడి క్షమాపణ. ఫాదర్ చెప్పే ఆ మాట నీకు కంఠతా వచ్చుగా, చెప్పు."

వచ్చు. అక్షరం పొల్లుపోకుండా వచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తన నోట అది ఉత్త మాటే. పోయే మనిషిని మోసం చెయ్యడమే.

"ఇంతగా కుమిలిపోతున్నావు. దేవుడు విన్నాడు వదినా."

"ఏమో మరి. ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదే."

ఫాదరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పరలోక జపం మొదలుపెట్టింది. వదిన పెదవులు కూడా కదిలాయి. మా పాపాలు మన్నించమనే మాట దగ్గరికి వచ్చేసరికి ఫాదరమ్మ గొంతు ఒక్కటే వినిపిస్తోంది.

సాయంత్రం ఫాదర్ దుమ్ము కొట్టుకుని వచ్చారు. జేబులోంచి పవిత్ర తైలం సీసా తీసి, వదిన ముఖం చూసి, దాన్ని దిండు పక్కన పెట్టేశారు. ఆ తైలం పూసేది బతికున్నవాళ్ళకే. మృతుల కోసం చెప్పే ప్రార్థన చెప్పారు.

"చివర్లో ఏమైనా చెప్పిందామ్మా?"

"పాపం ఒప్పుకుంది ఫాదర్."

"ఎవరితో?"

"నాతో."

"నీతో చెబితే ఏం లాభమమ్మా," అన్నారు, నొప్పించాలని కాదు, నిజంగానే జాలిపడి.

ఇంకో గుడిలో పూజకు వేళవుతోందని ఆయన హడావిడిగా వెళ్ళిపోయారు. దుప్పటి సరిచేయబోయి ఫాదరమ్మ ఆగింది. వదిన చెంప పక్కన తైలం సీసా అలాగే ఉంది, మూత తియ్యకుండా, నిండుగా.